లీలక్క బువ్వ మానేసిన ఏడాది

మా లీలక్క అన్నం తినడం చూడనివాళ్లకు, ఆమె అన్నం మానేయడం ఎంత పెద్ద సంగతో తెలియదు. అందుకని ముందు ఆ తినడం గురించే చెప్తాను.

ఆమె పేరు లీలాబాయి. నాకు తోటికోడలు. కరీంనగర్‌లో మా ఇంటి కింది వాటాలో ఆమె, మా బావ సంతోష్‌రావు ఉంటారు. పై వాటాలో నేను, మా ఆయన. లీలక్కకు అరవై దగ్గరపడ్డాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పొద్దున కడుపునిండా దోశలు తిన్నాక కూడా "తిన్నవా అక్కా?" అని అడిగితే, "ఇంకెక్కడిదే కోమలా, బువ్వ పొయ్యి మీదనే ఉన్నది" అనేది. ఆమె లెక్కలో అన్నం కానిది తిండి కాదు. దోశలు, ఉప్మాలు నోటికి కాలక్షేపం.

మధ్యాహ్నం ఆమె కంచం ముందు కూర్చుంటే మేం పలకరించేవాళ్లం కాదు. పలకరించినా జవాబు వచ్చేది కాదు. అన్నం కుప్పగా పెట్టుకుని, నడుమ గుంట చేసి, అందులో పప్పు పోసుకునేది. పప్పు అయ్యాక కూర, కూర అయ్యాక పచ్చిపులుసు, దాని తరువాత పెరుగు. ఒక్కోదానికి ఒక్కో కుప్ప. పెరుగన్నం కూడా అయ్యాక గిన్నెలోకి తొంగి చూసి, "గింతంత మిగిలింది, ఎవలకు పెడ్తం" అని అదీ వేసుకునేది. ఎవరికి పెడతామేమిటి, పైన నేనొకదాన్ని ఉన్నాను కదా! కానీ ఆ మాట ఆమెతో ఎవరంటారు?

ఆ బియ్యం కొన్న బియ్యం కాదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె కొట్టు బియ్యం వండి ఎరగదు. కొండగట్టు దాటాక, కాలువ కింద ఆమె పుట్టినూరు. అక్కడ తమ్ముడు జగన్మోహన్‌రావు వ్యవసాయం చేస్తాడు. అమ్మానాన్నలు పోయి చాలా ఏళ్లయింది, పుట్టిల్లంటే ఇప్పుడు ఆ తమ్ముడే. ఏడాదికి రెండుసార్లు పాత వడ్లు గిర్నీలో పట్టించి, బస్తాలు ట్రాలీ ఆటోలో వేసుకుని తానే వెంట వచ్చేవాడు. దించగానే ఒక బస్తా మూతి విప్పి, పిడికెడు బియ్యం తీసి అక్క అరచేతిలో పోసేవాడు. ఆమె వాసన చూసి, రెండు గింజలు పంటి కింద నొక్కి, కళ్లు మూసుకునేది. ఆయన చేతులు కట్టుకుని నిలబడేవాడు. "మంచిగున్నయిర" అంటే ముఖం వెలిగిపోయేది. "పోయినసారంత లెవ్వు" అంటే చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయేవాడు.

అక్కాతమ్ముళ్ల మధ్య మాటలంటే అవే. ఒంట్లో ఎట్లా ఉంది, మనసులో ఏముంది అని వాళ్లు ఒకరినొకరు అడగడం నేను వినలేదు. ఆయన బియ్యం తెస్తాడు, ఆమె తింటుంది. వాళ్ల ప్రేమంతా ఆ బస్తాల్లోనే వచ్చి పోయేది.

అటువంటి మనిషికి షుగర్ వచ్చింది.

చెప్పు కరిచి కాలి బొటనవేలి మీద చిన్న పుండు లేచింది. ఏం పూసినా మానలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోతే రక్తం తీయించి చూసి, షుగర్ ఎప్పటినుంచో ఉన్నట్టుందని చెప్పింది. సాయంత్రానికల్లా మా వాడంతా డాక్టర్లయిపోయారు. ఒకరు మెంతులు నానబెట్టి తాగమన్నారు, ఒకరు కాకరకాయ రసం అన్నారు, ఒకరు నేరేడు గింజల పొడి తెచ్చిచ్చారు. ఎదురింటి ఓంప్రకాశ్ తిప్పతీగను తీగతో సహా పట్టుకొచ్చి మా గేటుకు చుట్టి పోయాడు. లీలక్క దేన్నీ కాదనలేదు. అన్నీ తాగింది. నోట్లో చేదు పోవాలని మరో రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

ఆ తరువాత ఎవరో రాత్రిపూట అన్నం మాని జొన్నరొట్టె తినమన్నారు. జొన్నరొట్టెను చూస్తే షుగర్ పారిపోతుందని మా దగ్గర అందరికీ గట్టి నమ్మకం. ఎంత ఎక్కువ తింటే రోగం అంత తొందరగా పోతుంది కదా అని ఆమె పళ్లెం నిండా పేర్చుకుని తినేది. మళ్లీ పరీక్షకు పోయినప్పుడు తోడుగా నేనూ వెళ్లాను.

"అన్నం తగ్గించిండ్రా?" అని అడిగింది డాక్టరమ్మ.

"రాత్రి మొత్తానికే బంద్ చేసిన డాక్టరమ్మా. ఒట్టి రొట్టెలే."

"ఎన్ని?"

"ఆకలైనన్ని."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది గుండెకాయ బొమ్మ వైపు చూశాను.

"అమ్మా, అన్నమైనా రొట్టెయినా అటుకులైనా అన్నీ పిండి పదార్థాలే. కడుపులకు పోయినంక చక్కెరనే అయితయి. ఆ చక్కెరను వాడుకునే శక్తి మీ ఒంటికి తగ్గింది. కంచంల సగం కూరగాయలు, ఆకుకూరలు పెట్టుకోండ్రి. గుడ్లు, చేపలు, కోడి, పెరుగు తినుండ్రి. అన్నం, రొట్టె ఎంత తక్కువైతే మీకంత మంచిది. గోళీలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. తిండి మారినకొద్ది ఎన్ని వేసుకోవాల్నో నేను చెప్త."

"తక్కువంటే ఎంత బువ్వ తినొచ్చు?"

"ఓ గంటెడు."

"గంటెడు బువ్వ పిట్టకు పెడ్తరు డాక్టరమ్మా, మనిషికి పెడ్తరా?"

డాక్టరమ్మ నవ్వలేదు. పుండును మరోసారి చూసి, "ఇది మానకపోతే కాలికే ఎసరు పెడ్తది" అన్నది.

ఆటోలో లీలక్క ఆ బొటనవేలినే చూసుకుంటూ కూర్చుంది. ఆమె మేనత్తకు కూడా ఇట్లాగే పుండు లేచి, మోకాలి దాకా కాలు తీసేశారు. ఆ మేనత్తను పొద్దునా సాయంత్రం రెక్క పట్టుకుని పెరట్లోకి నడిపించింది చిన్నప్పటి లీలక్కే. ఇంటి ముందు దిగుతూ నా చెయ్యి పట్టుకుని, "కోమలా, నాకు మస్తు భయమైతుందే" అన్నది. అంత పెద్ద గొంతు అంత చిన్నగా అయిపోవడం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

మరునాటి నుంచి ఆ గంటెడు కూడా వద్దన్నది. "జర్రంత తింటే నా నోరు ఊకోదే. తింటే కుప్ప తినాలె, లేకుంటే మొత్తానికే తినొద్దు" అన్నది. ఆమె సంగతి ఆమెకు బాగా తెలుసు.

మొదటి రోజులు ఎట్లా గడిచాయో మా వాడలో ఎవరిని అడిగినా చెప్తారు. పాలాయన తిట్లు తిన్నాడు, చెత్తబండి ఆయన తిట్లు తిన్నాడు, మా బావ అయితే మూడు పూటలా అవే తిన్నాడు. అన్నం ఉడికే వాసన కిందికి రావద్దని నన్ను కిటికీలు మూసుకుని వండుకోమన్నది. నా ఇంట్లో నా బియ్యం నేను దొంగతనంగా వండుకున్నాను.

ఇక ఆమె కంచం. తోటకూర, గంగవాయిలి కూర, రెండు గుడ్లు, ఆదివారమైతే చేప ముక్కలు. అంతా ఉత్త కూర. మా వైపు అన్నం లేకుండా ఉత్త కూర తింటే పిల్లల వీపు మీద ఒకటి పడుతుంది. అది ఆశపోతు లక్షణం. అటువంటిది ఒక పెళ్లిలో లీలక్క పళ్లెం నిండా కోడికూర, దోసకాయ ముక్కలు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. వడ్డించే పిల్ల అన్నం గిన్నె పట్టుకుని మూడుసార్లు వచ్చి మూడుసార్లు వెనక్కి పోయింది. సంతోష్‌రావు భార్య కోడి తప్ప ఏమీ ముట్టడం లేదట అని చేతులు కడుక్కునే దగ్గరికి పోయేసరికి నాకే చెప్పారు.

ఒకరోజు గోబీ పువ్వును సన్నగా తురిమి, ఆవిరి మీద ఉడికించి, అన్నంలాగే గిన్నెకెత్తింది. బావకు చెప్పకుండా అదే పెట్టి పప్పు పోసింది. బావ రెండు ముద్దలు తిని, ఆగి, "ఈసారి జగ్గు బియ్యం ముక్కినట్టున్నయి" అన్నాడు. తమ్ముడి బియ్యాన్ని అంత మాట అన్నందుకు ఆమె బావతో రెండు రోజులు మాట్లాడలేదు.

కానీ ఒక సంగతి చెప్పాలి. పుండు మానింది. షుగర్ దిగింది. డాక్టరమ్మ గోళీ ఒకటి తగ్గించి, "శభాష్" అన్నది. ఆ శభాష్‌తో లీలక్కను పట్టలేకపోయాం. నేను అన్నం తింటుంటే పక్కన నిలబడి, "చక్కెర తింటున్నవే కోమలా, చక్కెర" అనేది.

ఎండాకాలంలో ట్రాలీ ఆటో మా గేటు ముందు ఆగింది. జగ్గన్న దిగాడు. ఆయనను నేను అట్లాగే పిలుస్తాను. బస్తా మూతి విప్పి, పిడికిలి నింపుకుని, "అక్కా, చెయ్యి పట్టు" అన్నాడు.

లీలక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దుర జగ్గూ. ఇగ బియ్యం తేకు. నేను తింటలేను."

"ఏమైంది?"

"షుగరొచ్చింది. బంద్ చేసిన. ఇంట్ల బియ్యం కనవడితే నా పానం ఆగది. వాపస్ తీస్కపో."

"మేం తింటం గద అక్కా!" అని నేను మెట్ల మీద నుంచి అరిచాను. ఎవరూ వినలేదు.

మా దిక్కు ఆడపిల్ల తన పుట్టింటి బియ్యం గడప బయట నుంచి వాపస్ పంపిందంటే దానికి ఒకటే అర్థం. నీకూ నాకూ ఇక ఏమీ లేదని. భూముల కాడ కొట్లాడుకున్నవాళ్లు చేసే పని అది. ఆటో డ్రైవర్ కూడా తల దించుకున్నాడు. జగ్గన్న పిడికిట్లో బియ్యం మళ్లీ బస్తాలో పోసి, మూతి కట్టి, "పోతున్న" అని కూడా అనకుండా ఆటో ఎక్కాడు.

"గంత కోపమెందుకే వానికి? షుగరని చెప్పిన గద" అన్నది లీలక్క. తాను నిజం చెప్పింది కాబట్టి అది నిజంగానే చేరిందనుకుంది. ఆ సాయంత్రం నేను, మా ఆయన పోయి కొట్టులో బియ్యం సంచి కొనుక్కొచ్చుకున్నాం. వాటిలో రాళ్లు కూడా ఉన్నాయి.

ఊరికి పోయిన జగ్గన్న బాగా ఆలోచించాడట. షుగర్ అనేది ఆయన లెక్కలో సాకు. ఊర్లో సగం మందికి షుగర్ ఉంది, అందరూ గోళీ వేసుకుని అన్నం తింటున్నారు. అక్కకు లోపల ఏదో మండింది, అదేమిటి? వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. వాళ్లమ్మ ఇత్తడి గంగాళం. జగ్గన్న భార్య మమతారాణి దాన్ని తన చెల్లెలి గృహప్రవేశానికి ఇచ్చేసింది. లీలక్కను అడగలేదు. ఇంకేం, ఇదే! ఆయన ఉన్నపళంగా మరదలి ఇంటికి పోయి, గంగాళంలో నీళ్లు వాకిట్లో గుమ్మరించి మరీ మోసుకొచ్చాడు. ఆ ఇంట్లో ఎంత రభస అయిందో మమతారాణి నాకు తరువాత చెప్పింది. రాసేటట్టు లేదు.

ఒక మధ్యాహ్నం అదే ట్రాలీ ఆటోలో గంగాళం ఒక్కటే వచ్చి దిగింది. వెంట మనిషి లేడు, మాట లేదు. లీలక్క దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఫోను అందుకుంది.

"ఇదేందిర?"

"అవ్వ గంగాళం. నీదే. ఉంచుకో." ఫోనులో జగ్గన్న గొంతు మా అందరికీ వినిపించింది.

"నాకెందుకు? దీన్ల తానం చెయ్యాల్నా?"

"తప్పైంది. నిన్ను అడగకుండ ఇచ్చినం. ఇగ కోపం ఇడువు."

లీలక్కకు అప్పుడు అర్థమైంది. ఆమె ముఖం ఎర్రబడింది. "అంటే నేను గంగాళం కోసం బువ్వ మానేసిన్నా? గంగాళం కోసం తమ్మున్ని కాదనుకునే దాన్నార నేను? షుగరని చెప్పిన గద!"

"షుగర్ ఊర్ల మస్తుమందికున్నది. ఎవ్వలు బువ్వ మానలే."

"అయితే నేను అబద్ధమాడుతున్న. అంతేనా?"

ఆయన ఫోను పెట్టేశాడు. ఆమె చాలాసేపు గంగాళం అంచు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. "కాలు తీసేస్తరేమో అని నేను పరేషానైతే, వీడు గిన్నెల లెక్క చూస్తుండే" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ఆ ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒకరికి చెప్పడం రాదు, ఒకరికి వినడం రాదు.

రాఖీకి ఆమె ఊరికి పోయింది. జగ్గన్న ఇంట్లో లేడు, మోటరు కాలిపోయిందని పొలం దగ్గర ఉన్నాడు. ఆమె గట్ల మీద నడుచుకుంటూ అక్కడికే పోయి, గ్రీజు అంటిన ఆ చేతికే రాఖీ కట్టి వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి చీర పెట్టాడు, కాళ్లకు మొక్కాడు, మాట్లాడలేదు. తిరిగొచ్చాక లీలక్క నా దగ్గర ఒకటే మాట పదిసార్లు అన్నది. "బువ్వ తినిపో అని కూడ అనలేదే కోమలా."

"అంటే తింటుంటివా?" అన్నాను.

"తినకపోదును. కని వాడు అనాలె గద!"

చలికాలం పోయి మాఘమాసం వచ్చింది. జగ్గన్న మా బావకు ఫోను చేశాడు. ఒడిబియ్యం పోస్తాను, అక్కను తీసుకుని రమ్మన్నాడు. ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పెళ్లయిన బేసి సంవత్సరం చూసి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. ఆ బియ్యం ఇంటికి తెచ్చుకుని వండి, ముత్తైదువలకు పెట్టి తాను తినాలి. భర్త చల్లగా ఉండాలని పోసే బియ్యం అది. వద్దనడం అన్న మాటే లేదు. లీలక్క రాత్రంతా నిద్రపోలేదని బావ చెప్పాడు. సంతోషమో భయమో తెలియదు. నేనూ వెంట పోయాను. షుగర్ మిషను నా చేతిసంచిలోనే పెట్టుకున్నాను.

పోయాక తెలిసింది అసలు సంగతి. జగిత్యాలలో ఎవరో ఆయనకు ఒక రకం వడ్ల గురించి చెప్పారట. అవి షుగరున్నవాళ్లు ఎంతైనా తినొచ్చట, ఏమీ కాదట. గంగాళం ఫోను తరువాత అక్క షుగర్ నిజమేనని నమ్మిన జగ్గన్న, వానాకాలం ఒక మడి మొత్తం ఆ రకమే వేశాడు. నారు దగ్గర నుంచి కోత దాకా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా తానే చూసుకున్నాడని మమతారాణి చెప్పింది. చెప్తూ గర్వపడిందో, విసుక్కుందో నేను పోల్చుకోలేకపోయాను.

పీటల మీద బావనూ లీలక్కనూ కూర్చోబెట్టారు. ఐదుగురు ముత్తైదువలు దోసిళ్లతో బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు కొంగులో పోశారు. పచ్చని బియ్యం ఒడి నిండుతుంటే ఆమె కళ్లు కూడా నిండాయి. జగ్గన్న నడుమ నిలబడి, ఊరంతా వినేటట్టు చెప్పాడు.

"గీ బియ్యం తింటే షుగర్ రాదు. మా అక్క కోసం పండించిన. ఇగ మా అక్క బువ్వ తింటది!"

భోజనాలకు బంతి వేశారు. అక్క కంచంలో జగ్గన్నే వడ్డించాడు. పూర్వం ఆమె తినేంత కుప్ప, ఇంకా కాస్త ఎక్కువే. నడుమ గుంట కూడా ఆయనే చేసి పప్పు పోశాడు. పోసి, పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఎదుటి వరుస నుంచి వద్దని తల ఊపాను, కళ్లు ఉరిమాను, చివరికి దగ్గాను. ఆమె నా వైపు చూడలేదు. తమ్ముడి వైపు ఒకసారి చూసి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

ఆ తరువాత ఆమెను ఆపడం ఎవరి తరం? పప్పు, కూర, పచ్చిపులుసు, పెరుగు. అన్నిటికీ కుప్పలు. తమ్ముడి మీద ప్రేమకు ఎంత తిన్నదో, ఇన్నాళ్ల ఆకలికి ఎంత తిన్నదో చెప్పడం కష్టం. వేళ్లు నాక్కుని, "మంచిగున్నయిర జగ్గూ" అన్నది. జగ్గన్న పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు.

రెండు గంటలయ్యాక నేను మిషను తీశాను. జగ్గన్న చూసి, "తియ్యి చెల్లె, తియ్యి. ఫికర్ లేదు. నా బియ్యం సంగతి అందరు చూడాలె. ముందు నాకు పెట్టు" అని చెయ్యి చాపాడు. సూది గుచ్చి చూస్తే నూట పన్నెండు. ఆయన కూడా అదే అన్నం కుప్పలు తిన్నాడు. "చూసిండ్రా!" అని అరిచాడు. అది విని ఇంటి పక్కాయన లింగమూర్తి కూడా సరదాగా వేలు పెట్టాడు. సూది మార్చి గుచ్చాను. ఆయనకు రెండు వందల అరవై. "మిషన్ మంచిగ లేదు" అని లేచిపోయాడు. పోతూ పోతూ పాయసం గ్లాసు అరుగు మీద పెట్టేసి పోయాడు.

తరువాత లీలక్క. మూడు వందల పద్దెనిమిది.

"మిషన్ మంచిగ లేదు" అన్నాడు జగ్గన్న కూడా. మళ్లీ తనకు పెట్టమన్నాడు. నూట పది. మమతారాణికి పెట్టమన్నాడు. బాగానే ఉంది. "మిషన్ పట్టీలు అయిపోతున్నయిర, ఊరందరికి చూస్తవా" అని బావ మొత్తుకున్నా వినలేదు. మళ్లీ అక్కకు పెట్టమన్నాడు. మూడు వందల ఇరవై ఐదు.

అప్పుడు మిషను పక్కకు జరిపాడు. అక్క ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఇట్లయితదని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే తిన్నవా?"

"తెలిసే తిన్న."

"ఎందుకు తిన్నవే?"

"నువ్వు నా నోరు దిక్కే చూస్తుంటివి గదర."

జగ్గన్న ఏడ్చాడు. చాటుగా కాదు, అందరి ముందు, పెద్దగా. "ఒక్క కడుపుల పుట్టినం. నాకు రానిది నీకెందుకొచ్చిందే? నేను తింటే ఏం కాలే, నువ్వు తింటే విషమాయె. మేనత్త లెక్క నీ కాలు పోతే నేనేం గావాలె?" అని ఆమె పాదం పట్టుకుని, మానిపోయిన పుండు మచ్చను చూస్తూ కూర్చున్నాడు. ఆ మచ్చ ఆయన చూడడం అదే మొదలు. లీలక్క ఆయన తల మీద చెయ్యి వేసి, "లే, ఊకో, అందరు చూస్తుండ్రు" అన్నది. తాను కూడా ఊరుకోలేదు.

డాక్టరమ్మకు ఫోను చేసి అడిగాం. ముందు మమ్మల్ని తిట్టింది. తరువాత నీళ్లు తాగమని, గోళీలు అలవాటుగానే వేసుకుని, మళ్లీ చూసి చెప్పమన్నది. సాయంత్రం బయలుదేరేటప్పటికి షుగర్ దిగుతూ వచ్చింది. ఒడిబియ్యం మూట ఆటోలో పెట్టాక జగ్గన్న అక్క దగ్గరికి వచ్చాడు.

"గివి తీస్కపో. ముత్తైదువలకు వండిపెట్టు. నువ్వు మొక్కి ఒక్క మెతుకు నోట్లె ఏస్కో, చాలు. నీ బువ్వ ఇగ నేను తింట."

"నా బువ్వ నువ్వు తినుడేందిర?"

"నీ పేరు మీద తింట. రోజు నా బువ్వ అయినంక, నీ పేరు మీద ఒక ముద్ద."

"ఊకె తింటే వీనికి గూడ వస్తది" అన్నాడు మా బావ. మా బావకు ఏ సందర్భంలో ఏం మాట్లాడాలో ఇప్పటికీ తెలియదు. కానీ లీలక్క ఆ మాట పట్టుకుంది. ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకుంటేనే ఒప్పుకుంటానన్నది. ఆయన సరేనన్నాడు.

ఇప్పుడు ట్రాలీ ఆటో మళ్లీ వస్తోంది. కింది వాటాకు నాటుకోడి గుడ్లు, కాలువ చేపలు, తోటకూర మోపులు. పై వాటాకు, అంటే నాకు, బియ్యం. మొన్నటిసారి జగ్గన్న మొహమాటంగా నా అరచేతిలో పిడికెడు పోశాడు. నేను లీలక్కలాగే రెండు గింజలు నమిలి, కళ్లు మూసుకుని చూశాను. నాకేమీ తెలియలేదు. బాగున్నాయని చెప్పాను.

ఇక రోజూ మధ్యాహ్నం లీలక్క ఫోను మోగుతుంది. ఆమె గుడ్లూ ఆకుకూర కంచంలో పెట్టుకుని, ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి పెడుతుంది. అంతకుముందు ఏడాదికి రెండుసార్లు మాట్లాడుకున్న మనుషులు.

"అక్కా, నీ బువ్వ తింటున్న."

"ఏం కూర?"

"చింతచిగురు పప్పు."

"నెయ్యి ఏస్కున్నవా?"

"ఏస్కున్న."

"మంచిగ కలుపు. వేళ్లతోని కాదు, అరచెయ్యి పెట్టి కలుపు."

నిన్న నేను అక్కడే ఉన్నాను. ముద్ద అయిపోయిందని, ఇక లేస్తానని జగ్గన్న అన్నాడు. లీలక్క తన కంచంలో చివరి గుడ్డు ముక్క తినకుండా కూర్చుంది.

"ఇంకొక్క ముద్ద తినుర."

"కడుపు నిండింది అక్కా."

"నాకు నిండలేదుర."

అవతల గంటె గిన్నెకు తగిలిన చప్పుడు వినిపించింది. ఆయన ఆ ముద్ద మింగిందాకా లీలక్క కళ్లు మూసుకుని కూర్చుంది.